శిక్ష చౌక, తోడు ప్రియం

పార్లమెంటులో అత్యాచారాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా హోంశాఖ వద్ద సిద్ధంగా ఉండే సమాధానం ఒకటుంది: పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోని అంశం. హైదరాబాదు గురించో, విజయవాడ గురించో అడిగిన సభ్యుడు ఆ మాటతో కూర్చోక తప్పదు. ఢిల్లీ విషయంలో మాత్రం అది చెల్లదు. రాజధాని పోలీసులు నేరుగా కేంద్ర హోంశాఖ అధీనంలోని వారు. అత్యాచారానికి గురైన స్త్రీ ఇక్కడి స్టేషను గడప తొక్కినప్పుడు ఆమెకు తోడెవరన్న ప్రశ్నకు కేంద్రమే జవాబు చెప్పాలి.

ఆ జవాబును సుప్రీంకోర్టు మూడు దశాబ్దాల క్రితమే రాసిపెట్టింది. 1993 ఫిబ్రవరిలో మూరీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి వస్తున్న, ఇళ్ళలో పనిచేసుకునే ఆదివాసీ యువతులపై సైనిక జవాన్లు అత్యాచారం జరిపారన్న ఆరోపణతో గృహ కార్మిక మహిళల సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. 1994 అక్టోబరులో వెలువడిన తీర్పు స్పష్టంగానే ఉంది. బాధితురాలికి స్టేషనులోనే న్యాయవాది తోడుండాలి. అట్టి న్యాయవాదుల జాబితా స్టేషనులో ఉండాలి. మానసిక సలహాకైనా, వైద్యానికైనా ఆమెను తగిన చోటికి చేర్చే బాధ్యత కూడా ఆ న్యాయవాదిదే. స్టేషనులో ఆదుకున్న వ్యక్తే కేసు ముగిసేదాకా వెంట నిలవాలి.

ఈ చివరి మాటే అన్నింటికంటె విలువైనదని నా అభిప్రాయం. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఆమె తన కథను డ్యూటీ అధికారికి, దర్యాప్తు అధికారికి, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, ఏళ్ళు గడిచాక ప్రతిపక్షపు వకీలుకు చెప్పుకోవాలి. ప్రతిచోటా కొత్త ముఖమే.

ఆ తీర్పు తరువాత చట్టసభలు ఊరక కూర్చున్నాయని ఎవరూ అనలేరు. 2012 డిసెంబరు 16 నాటి ఘోరం తరువాత జస్టిస్ వర్మ సంఘం 29 రోజులలో నివేదిక ఇచ్చింది, 2013లో చట్టం మారింది. 2018లో కనీస శిక్ష ఏడేళ్ళ నుంచి పదేళ్ళకు పెరిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, 2024లో పశ్చిమ బెంగాలు శాసనసభ మరణశిక్ష బిల్లులు ఆమోదించాయి. గ్యాలరీలో కూర్చుని ఇటువంటి చర్చలు విని విని నాకొక అనుమానం బలపడింది. శిక్ష పెంచడానికి ఖజానా నుంచి నయాపైసా కదలనక్కరలేదు. మనస్తత్వ నిపుణురాలిని నియమిస్తే నెలనెలా జీతమివ్వాలి. అందుకే మొదటిది కరతాళధ్వనుల మధ్య సాగిపోతుంది, రెండవది ఫైళ్ళలో నానుతుంది.

ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు అన్న నిబంధన 2013లోనే వచ్చింది. అయినా 2019 నవంబరులో శంషాబాదు వద్ద యువ పశువైద్యురాలి ఉదంతంలో కేసు నమోదులో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండు చేయవలసి వచ్చింది. నిందితులు నలుగురూ పోలీసు కాల్పులలో మరణించగానే పూలు చల్లినవారున్నారు. ఆ రాత్రి జాప్యం సంగతి మరుగున పడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మన స్టేషన్లను చూసే పుట్టిందేమో!

ఇక కౌన్సెలింగ్ అన్న మాట. మన పోలీసులు రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ ఇస్తారు, ఆకతాయిలకు ఇస్తారు, భార్యాభర్తలను రాజీపరచడాన్నీ అదే పేరుతో పిలుస్తారు. అంటే మందలింపు, లేదా సర్దుబాటు. అత్యాచార బాధితురాలికి కావలసింది ఈ రెండూ కాదు. తీవ్రమైన భయానికి గురైన మనిషికి సంఘటనల వరుస చెదరవచ్చు, కన్నీరు రాకపోవచ్చు, మాట పెగలడానికి రోజులు పట్టవచ్చు. ఇది తెలియని దర్యాప్తు అధికారి దానిని అబద్ధమనుకుంటాడు. తెలిసిన వకీలు ఆ చెదరిన వరుసనే కోర్టులో ఆయుధం చేసుకుంటాడు. కనుక మానసిక సహాయం దయాధర్మం కాదు, కేసు నిలవడానికి అవసరమైన ఆధారం.

బాలల విషయంలో పోక్సో నియమాలు సహాయక వ్యక్తిని వెంట ఉంచుతాయి. పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాడు చట్టం ఆ చేయి వదిలేస్తుంది.

2013 బడ్జెటులో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి ఏర్పడింది, 2015 నుంచి సఖి కేంద్రాలు వచ్చాయి. 2016లో హైదరాబాదు పోలీసులు భరోసా కేంద్రం తెరిచి పోలీసును, డాక్టరును, న్యాయవాదిని, సలహాదారును ఒక కప్పు కిందికి తెచ్చారు. ఈ విషయంలో రాజధాని మన నగరం నుంచి నేర్చుకోవలసింది ఉంది. ఢిల్లీలో 2024 వేసవిలో జరిగినదేమిటంటే, నియామకాలు నిబంధనల ప్రకారం లేవంటూ మహిళా కమిషన్‌లోని 223 మంది ఒప్పంద సిబ్బంది తొలగింపునకు ఉత్తర్వులు వెలువడటం. నిబంధనల వాదంలో ఎవరిది న్యాయమో కోర్టులు తేల్చగలవు. ఆ పనులు ఒప్పందపు కూలీలుగా ఎందుకుండాలన్నది నా ప్రశ్న. స్టేషన్ హౌస్ ఆఫీసరు పదవిని ఎవరూ ఒప్పందంపై నింపరు గదా!

హోంశాఖ పద్దులు సభ ముందుకు వచ్చినప్పుడు మన తెలుగు సభ్యులు ఒక చిన్న ప్రశ్న వేయవచ్చు. 1994 తీర్పు కోరిన న్యాయవాదుల జాబితా ఢిల్లీలో ఎన్ని పోలీసు స్టేషన్లలో ఉంది, అందులోని వారిని కిందటి ఏడాది ఎన్నిసార్లు పిలిచారు?