రాట్నం మార్చండి, అమ్మ కూర్చునే సీటు మాత్రం తీసేయకండి

మొన్న మధ్యాహ్నం తిండి దగ్గర చిన్న యుద్ధమే జరిగింది. మా షిఫ్టులో ఒక జర్మన్ కుర్రాడు ఉన్నాడు. వాడికి థీమ్ పార్కుల పిచ్చి. మిగిలిన డబ్బంతా వాటికే పోస్తాడు. ఆ రోజు మొహం వేలాడేసుకుని ఫోన్‌లో ఒకే వీడియో మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. సంగతేంటంటే, ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల మేజిక్ కింగ్‌డమ్‌లో 1971 నుంచి ఒక నది ఉండేది. మనుషులు తవ్విన నదే అనుకోండి. అందులో ఆవిరి పడవ, మధ్యలో పిల్లలు పరుగెత్తే టామ్ సాయర్ దీవి. 2025 జూలై 6 దానికి ఆఖరి రోజు. ఆ జాగాలో 'కార్స్' సినిమా పేరుతో కొత్త రైడ్లు కడతారట. మావాడు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల తాతతో ఆ పడవ ఎక్కాడు. తాత ఇప్పుడు లేడు.

పక్కనే ఉన్న టర్కీ పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "సిమెంటు కాలువలో నీళ్లు. కంపెనీ సొమ్ము, కంపెనీ ఇష్టం. దానికి ఏడవడమేంటి?" ఇద్దరూ అరగంట కొట్టుకున్నారు. చివరికి నా వైపు తిరిగి, "మీ ఇండియాలో కూడా ఇలాంటి గొడవలు ఉంటాయా?" అని అడిగారు. నాకొచ్చిన జర్మన్‌లో అంత సంగతి చెప్పలేక నవ్వి ఊరుకున్నా. ఆ చెప్పలేకపోయిందే ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను ఇద్దరి పక్షమూ కాదు. పాతదంతా బంగారం అనే మాట నాకు నచ్చదు. కంపెనీ ఇష్టం అని చేతులు దులుపుకోవడం కూడా నచ్చదు. నా బాధ వేరే చోట ఉంది. అది చెప్పాలంటే మా అమ్మ వచ్చినప్పటి ముచ్చట చెప్పాలి.

అమ్మ మూడు నెలల వీసా మీద ఎర్లాంగెన్ వచ్చింది. మా పాప అప్పటికి ఐదేళ్లది. ముగ్గురినీ తీసుకుని యూరోపా పార్క్‌కి పోయాం. ఇది జర్మనీలో అన్నిటికంటే పెద్ద పార్క్, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర రుస్ట్ అనే ఊళ్లో ఉంది. మాక్ అనే కుటుంబం 1975లో తెరిచింది. వాళ్లు అంతకుముందు తరతరాలుగా బండ్లు, రాట్నాలు తయారుచేసినవాళ్లే. పొద్దున చీకటితో బయల్దేరి, రైళ్లు మారి మారి చేరాం. టికెట్ల ఖర్చు ఎంతో అమ్మకి చెప్పలేదు. చెప్తే గేటు దగ్గరే వెనక్కి తిరిగేది.

లోపలికి పోగానే సిల్వర్ స్టార్ కనిపించింది. 73 మీటర్ల ఎత్తు. ఎక్కాలంటే 1.40 మీటర్ల పొడవు ఉండాలి, పాప సగం దూరంలోనే ఆగిపోయింది. అమ్మ పైకి చూసి, "నాకెందుకు బిడ్డా గవన్నీ, గీడ కూసుంట, మీరు పోయిరండ్రి" అంది. తర్వాతి దాని దగ్గరా అదే మాట. తర్వాతి దాని దగ్గరా అదే. మధ్యాహ్నం దాకా అమ్మ మూడు బెంచీల మీద మా సంచులు కాపలా కాసింది. అన్ని యూరోలు పెట్టి అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టడానికి తెచ్చానా అని నాకే సిగ్గేసింది.

అప్పుడు దొరికింది 'పిరాటెన్ ఇన్ బతావియా'. సముద్రపు దొంగల కథ. చీకట్లో పడవ మెల్లగా పోతుంది, అటూ ఇటూ బొమ్మలు కదులుతాయి, పాడతాయి, పేలతాయి. ఆ పడవలో అమ్మ, పాప, నా భార్య, నేను ఒకే వరసలో కూర్చున్నాం. అమ్మ ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుంది. బయటికొచ్చాక, "ఇంకోపారి పోదామా?" అని అడిగింది పాప కాదు, అమ్మ.

ఈ రైడ్‌కి పెద్ద కథే ఉంది. మొదట 1987లో తెరిచారు. 2018 మే 26న పార్క్‌లో నిప్పంటుకుని మొత్తం కాలిపోయింది. అదృష్టం, ప్రాణాలు పోలేదు. కాలిన జాగాలో కొత్త రకం రోలర్ కోస్టర్ వేసుకుంటే అడిగేవాడు లేడు. కానీ అభిమానులు మళ్లీ అదే కట్టమని సంతకాలు సేకరించారు. కుటుంబం ఒప్పుకుంది. 2020 జూలై 28న మళ్లీ తెరిచింది. బొమ్మలు కొత్తవి, కథలో మనుషులు కొత్తవాళ్లు. పడవ మాత్రం అలాగే ఉంది, చీకటీ అలాగే ఉంది. అంతకంటే ముఖ్యం, అందులో ఎవరు కూర్చోవచ్చు అన్నది మారలేదు.

నా మాట ఇదే. పాత రైడ్ పోయినప్పుడు పోయేది ఇనుమో చెక్కో కాదు. ముసలమ్మ, పసిపిల్ల, మధ్యవయసు వాళ్లు ఒక్క బల్ల మీద కూర్చునే చోటు పోతుంది. కొత్తగా వచ్చేవాటిలో పేరున్నవి ఎక్కువగా పదహారు నుంచి ముప్పై ఏళ్ల ఒంటికి సరిపోయేవి. పోస్టర్ మీద వేసుకోవడానికి అవే బాగుంటాయి కదా. మెల్లగా పోయే పడవని చూపించి ఎవరు టికెట్లు అమ్ముతారు? అందుకే మూత పడాల్సి వస్తే వంతు మొదట మెల్లగా పోయేవాటికే వస్తుంది.

అయితే అభిమానులు అన్నదంతా కరెక్ట్ అని కూడా అనను. అమెరికాలోనే స్ప్లాష్ మౌంటెన్ అని ఒకటుండేది. అది 1946 నాటి ఒక డిస్నీ సినిమా ఆధారంగా కట్టింది. ఆ సినిమా నల్లజాతి వాళ్ల తోటల జీవితాన్ని తీపి పూసి చూపించిందని ఎప్పటినుంచో విమర్శ ఉంది. 2023లో దాన్ని మూసి, 2024లో టియానా అనే నల్లజాతి రాకుమారి కథతో తెరిచారు. నీళ్లూ అవే, జారుడూ అదే. చాలామంది పాత అభిమానులు గగ్గోలు పెట్టారు. నాకైతే అందులో తప్పు కనిపించలేదు. మనిషిని నొప్పించే బొమ్మ తీసేసి, కూర్చునే చోటు ఉంచారు.

బతావియా పడవలో నాకూ ఒక ముల్లు గుచ్చుకుంది. బతావియా అంటే ఇవాళ్టి జకార్తా, డచ్ వాళ్లు ఏలినప్పటి పేరు. ఆ డచ్ కంపెనీయే 1600ల మొదట్లో మన మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. మన కోరమాండల్ తీరంలో నేసిన బట్ట పోతేనే అక్కడ దీవుల్లో లవంగం, జాజికాయ దొరికేది. బట్టతో పాటు ఇక్కడి మనుషుల్ని కూడా బానిసలుగా పడవలెక్కించి బతావియాకి తోలారు. ఇప్పటికీ భీమిలిలో డచ్ వాళ్ల సమాధులున్నాయి. అమ్మకి ఇదంతా చెప్తే, "మరి గా దొంగలల్ల మనోళ్లు యాడున్నరు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి ఆ రైడ్‌లో జవాబు లేదు. కాబట్టి పాత కథని ఒక్క అక్షరం కూడా కదపొద్దు అనేవాళ్లతో నేను కలవను. కథ మార్చుకోండి. అమ్మ కూర్చున్న బల్ల ఉంచండి.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. మా ఎర్లాంగెన్‌లో కిట్స్‌మన్ అని బీరు తయారీ ఉండేది, 1712 నాటిది. 2018లో మూతపడింది. పేరుని కుల్మ్‌బాఖ్ కంపెనీ కొనుక్కుంది. సీసా మీద పేరు అలాగే ఉంది, ఊళ్లో కాచే బట్టీ లేదు. ఇక్కడి ముసలివాళ్లు ఆ సీసా పట్టుకుని ఒక రకంగా నవ్వుతారు. పేరు బతికి మనిషి పోయినట్టు. రైడ్లలోనూ అంతే. బోర్డు మీద పేరు నిలబెట్టి లోపల అంతా మార్చేస్తే దాన్ని కాపాడడం అనరు.

ఇంకో వాదన ఉంది, అది గట్టిది. పాత యంత్రాలకి విడిభాగాలు దొరకవు, ప్రమాదం. నిజమే. నోస్టాల్జియా కోసం ఎవడి పిల్లల ప్రాణాలూ పణంగా పెట్టొద్దు. కానీ ఈ దేశంలో అందుకో దారి చూశాను. ఇక్కడ తిరునాళ్లలో తిరిగే పెద్ద రాట్నాలకి బండికి ఆర్‌సీ ఉన్నట్టు ఒక్కోదానికి ఒక పరీక్ష పుస్తకం ఉంటుంది. గడువు ప్రకారం నిపుణులు చూసి అందులో రాస్తేనే తిరుగుతుంది. అలా చూసుకుంటే పాతది కూడా నడుస్తుంది. మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌లో క్రినోలీన్ అనే రాట్నం 1924 నుంచి ఉంది. మొదట్లో దాన్ని మనుషులే తోసి తిప్పేవాళ్లు. ఇప్పుడు మోటారు ఉంది, పక్కన బాజా బృందం ఇప్పటికీ కూర్చుని వాయిస్తుంది. అదే మ్యూనిక్‌లో 2010లో పండుగకి రెండొందల ఏళ్లు నిండినప్పుడు పాత రైడ్లకి విడిగా ఒక మూల ఇచ్చారు. జనం విరగబడి వచ్చారు. ఆ పాత మూల తర్వాత కూడా నిలబడింది.

మనుషులే తోసి తిప్పేవాళ్లు అని చదవగానే నాకు మా ఊరి జాతర గుర్తొచ్చింది.

మా జాతరలో కట్టె రాట్నం ఉండేది. నాలుగు తొట్లు, తొట్టికి ఇద్దరు ముగ్గురు పిల్లలు. మోటారు లేదు. ఒకాయన కట్టె పట్టుకుని, ఒక్కోసారి పైకెక్కి వేలాడి, ఒంటి బరువుతో తిప్పేవాడు. పిల్ల ఏడిస్తే చేత్తో ఆపేవాడు. ఏ యంత్రానికి ఉంది ఆ బ్రేకు? మా నాయనమ్మ కూడా అందులో కూర్చుంది, కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతూ. నేను పోయినసారి సెలవుకి పోయినప్పుడు జాతరలో కొలంబస్ ఉంది, బ్రేక్ డాన్స్ ఉంది, జెయింట్ వీల్ ఉంది, చెవులు పగిలే డీజే ఉంది. కట్టె రాట్నం లేదు. అడిగితే తెలిసింది, జాగాకి వేలం పెట్టారట. ఎక్కువ పాడినవాళ్లకి మైదానం మొత్తం. పది రూపాయల రాట్నం తిప్పేవాడు లక్షల పాట ఎక్కడ పాడతాడు? ఆయన్ని ఎవరూ వెళ్లగొట్టలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. లెక్కలో కనబడలేదు, అంతే.

ఫ్లోరిడా నదికి కనీసం ఆఖరి రోజు అని ఒకటి ఉంది. ముందే తేదీ చెప్పారు, జనం పోయి ఏడ్చి వచ్చారు. యూరోపా పార్క్‌లో చీకటి గుండ్రం లోపల తిరిగే యూరోసాట్‌ని కూడా 2017 చివర్లో ముందే చెప్పి మూశారు, మరుసటి ఏడాది కొత్త పట్టాలతో మళ్లీ తెరిచారు. మా రాట్నానికి ఆఖరి రోజు ఏదో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఢిల్లీ అప్పూ ఘర్ 1984 నుంచి 2008 దాకా నడిచి మూతపడితే దేశమంతా పేపర్లో చదివింది. కట్టె రాట్నాలు పోతే ఏ పేపర్లోనూ రాదు.

హైదరాబాద్ నుమాయిష్ మాత్రం నాకు ధైర్యం ఇస్తుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, తర్వాత నాంపల్లి మైదానానికి వచ్చింది. 2019 జనవరి 30 రాత్రి అక్కడా నిప్పంటుకుంది, వందల స్టాళ్లు బూడిదయ్యాయి. కొద్ది రోజుల్లోనే మళ్లీ తెరిచారు. ఎందుకు తెరిచారంటే జనం దాన్ని ఎవరి సొమ్మో అనుకోరు, మాది అనుకుంటారు. టర్కీ పెద్దాయనకి నా జవాబు ఇదే. కాగితం మీద సొమ్ము ఒకరిది కావచ్చు. దాంట్లో మా తాత పక్కన కూర్చున్న పావుగంట మాది.

అందుకని ఊరికే బాధపడి ఊరుకోకుండా నా వంతుగా ఒకటి అడుగుతున్నా. మన జాతర కమిటీల్లో, పంచాయతీల్లో, ఎగ్జిబిషన్ సొసైటీల్లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వినండి. మైదానంలో ఒక్క మూల వేలం బయట పెట్టండి. కట్టె రాట్నం, తోలుబొమ్మ, పిల్లల చిన్న రైలు, ఇలాంటి వాటికి నామమాత్రపు కిరాయికి ఇవ్వండి. ఇంజనీరుతో గట్టిగా పరీక్ష చేయించండి. పెద్దవాళ్లు పిల్లలతో కలిసి ఎక్కగలిగేది ఒకటైనా ఉండాలని షరతు రాయండి. ఏదైనా మూయక తప్పకపోతే ముందు ఏడాదే మైకులో చెప్పండి, మేం సెలవు పెట్టుకుని వస్తాం.

మా బెర్గ్ తిరునాళ్ల కూడా ఇలాంటిదే. 1755 నుంచి పెంతెకొస్తు రోజుల్లో ఇక్కడి గుట్ట మీద జరుగుతుంది. కరోనాకి 2020, 2021 రెండేళ్లు ఆగింది. 2022లో మళ్లీ మొదలయ్యాక జెయింట్ వీల్ దగ్గర వరసలో నిలబడ్డా. నా ముందు ఒక ముసలామె మనవడి చెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరూ ఒకే తొట్టిలో ఎక్కారు. నేను కింది నుంచి చూస్తూ మా నాయనమ్మ కొంగు గుర్తుచేసుకున్నా.

వచ్చే జాతరకి అమ్మ పాపని తీసుకుని పోతానంటోంది. ఫోన్‌లో అడిగింది, "మనుమరాలితోని నేనెక్కెటిది ఏమన్న ఉంటదా బిడ్డా ఆడ?" అని.

ఏం చెప్పమంటారు?