ఇన్‌బాక్స్‌లో అడిగితే తప్పేంటి?

"నాకొక్కడికే మెసేజ్ పెట్టడమెందుకు, గ్రూపులో అడుగు, అందరికీ పనికొస్తుంది" అంటుంటారు కోడింగ్ తెలిసిన పెద్దమనుషులు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో ఖమ్మం వచ్చి హాస్టల్లో ఉండి చదివే మన పిల్లలు గ్రూపులో ఎందుకు నోరు విప్పరు? ఇంగ్లీషులో రాయాలి. తప్పు రాస్తే ముందు ఇంగ్లీషు మీద జోకు పడుతుంది. తర్వాత నీ ర్యాంకెంత అంటారు. ర్యాంకు అడగడం అంటే కులం అడగడమే అని మనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద కేసు వేసింది కదా. దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ సీటుతో చదివాడని పైఅధికారి తోటివాళ్ళకు చెప్పాడన్నది అందులో ఒక ఆరోపణ. సిలికాన్ వ్యాలీలోనే ఆ మాట వెంటాడితే, ఫస్టియర్ పిల్లవాడు చాటుగా అడగడం పిరికితనం ఎట్లయితది?

అసలు చాటుగా నేర్చుకోనిదెవరు? బావ హైదరాబాద్‌లో, బాబాయి డల్లాస్‌లో ఉన్నోడికి రాత్రి ఒక్క ఫోన్ చాలు. దాన్ని ఎవరూ ప్రైవేటు సాయం అనరు, తెలివి అంటారు. మన ఇంట్లో ఫోన్ చేయడానికి అట్లాంటి బావ లేడు. అమీర్‌పేట కోచింగ్‌కి ఫీజు లేదు.

మొన్న ఒక తమ్ముడు నాకు ఇన్‌బాక్స్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు కొడితే ముందుకు పోవట్లేదు. నెట్ సెంటర్ ఆయన "కంప్యూటర్ తీసుకోవట్లేదు" అని పంపేశాడు. నేను జవాబు చెప్పలేదు. పేజీ కోడ్ తెరవమన్నాను. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఫోన్ క్రోమ్‌లో అడ్రస్ ముందు వ్యూ-సోర్స్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెడితే చాలు. మనం చూసే పేజీ హెచ్‌టీఎంఎల్ మన ఫోన్‌కి వచ్చాకే పేజీగా కనబడుతుంది, అందుకే చదవగలం. సర్వర్‌లో నడిచేది మాత్రం కనబడదు.

గంటసేపు వెతికాడు. పేరు గడి దగ్గర ప్యాటర్న్ అనే మాట, దాని పక్కన ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, ఒక ఖాళీ. అంతే, చుక్కకు చోటు లేదు. తమ్ముడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు అక్షరం పక్కన చుక్క ఉంది! "అన్నా, అయితే ఇది కంప్యూటర్ కాదు, ఎవరో రాసిన రూలు" అన్నాడు. నాకు ఆ మాట చాలు. కంప్యూటర్‌తో కొట్లాడలేం గానీ, రూలు రాసినోడిని అడగొచ్చు. ఆ లైను పెన్నుతో కాగితం మీద రాసి, సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి అర్జీ పెట్టాడు.

ఆ లైను ల్యాప్‌టాప్‌లో తీసేస్తే పోదా అని అడిగాడు. పోదు. మన స్క్రీన్ మీదే మారుతుంది, రిఫ్రెష్ కొడితే మళ్ళీ వస్తుంది. పైగా సర్వర్ తన లెక్కన తను మళ్ళీ చూసుకోవచ్చు.

1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరి సొత్తూ కాకుండా లోకానికి వదిలేసింది. తలుపు తెరిచే ఉంది. లోపల ఏముందో చెప్పే మనిషే మనకు దొరకడు. దొరికినోడు కొందరు దొరలాగా కోడ్ మొత్తం రాసిచ్చి, ఆ తర్వాత ఏడాదంతా "నేనే చేసిచ్చా" అని చెప్పుకుంటాడు. (ఏకలవ్యుడి కథ ఇక్కడ ఎత్తను, మీకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది.) అట్లా రాసివ్వడం సాయం కాదు, అప్పు.

కాబట్టి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న మన అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ ఇన్‌బాక్స్ తెరవండి. వారానికి ఒక్క గంట. తెలుగులో చెప్పండి, వేలు పెట్టి చూపించండి, కీబోర్డు మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి. ర్యాంకు అడగొద్దు. వచ్చిన ప్రశ్నను పేరూ ఊరూ తీసేసి, జవాబుతో సహా అందరికీ పెట్టండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, స్క్రీన్‌షాట్ పంపేముందు ఆధార్ నంబరు, ఫోన్ నంబరు చెరిపేయండి. ఓటీపీ ఎవరడిగినా ఇవ్వొద్దు, నేనడిగినా సరే.

జై భీమ్.