ఇంటి రీలుకు ఇంటి యంత్రం

సినిమా వారసత్వం అనగానే మన ధ్యాస థియేటర్లలో ఆడిన బొమ్మల మీదికే పోతుంది. 1931 నాటి ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదని బాధపడతాం. పడాల్సిందే. అటకల మీదా, బీరువాల అడుగునా ఉన్న 8 ఎంఎం, సూపర్ 8 రీళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నిజానికి వాటికే ముప్పు ఎక్కువ. వాటిలో చాలావరకు రివర్సల్ ఫిల్ములు: కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి ప్రొజెక్టర్‌కు ఎక్కించేవారు. వేరే నెగెటివ్ ఉండదు, రెండో ప్రింటు ఉండదు. పుట్టినరోజులూ పెళ్లిళ్లూ తప్ప వాటిలో ఏముంటాయని కొట్టిపారేసేవారు ‘టోపాజ్’ సంగతి తెలుసుకోవాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను నిర్బంధించిన యూటా శిబిరంలో, డేవ్ టట్సునో అనే బందీ రహస్యంగా తెప్పించుకున్న 8 ఎంఎం కెమెరాతో తీసిన ఇంటి సినిమా అది. 1996లో దాన్ని అమెరికా జాతీయ ఫిల్ము రిజిస్ట్రీలో చేర్చారు. మన సంగతే చూద్దాం. సూపర్ 8 వచ్చిన 1965లోనే అమెరికా వలస చట్టం మారింది. ఆ తర్వాత వెళ్లిన తెలుగు డాక్టర్ల, ఇంజినీర్ల ఇళ్లలో ఒక్క రీలు మిగిలినా అది ప్రవాసాంధ్ర చరిత్రకు ఆధారమే.

ఈ రీళ్లను కాపాడే పని ప్రభుత్వం చూసుకోవాలి కదా అంటారు. పుణెలో 1964లో నెలకొల్పిన జాతీయ ఫిల్ము ఆర్కైవ్ (2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసింది) ముందు థియేటర్ సినిమాల పనే కొండంత ఉంది. మన ఇంటి రీలు వంతు వచ్చేదాకా ఫిల్ము ఆగదు. ఎసిటేట్ ఫిల్ము వేడికీ చెమ్మకూ క్షీణించి ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లమే మళ్లీ కుళ్లును ఎగదోస్తుంది. మన కోస్తా ఉక్కపోత దానికి తోడు. అందుకే ఫిల్మును డిజిటల్ బొమ్మలుగా మార్చే, ఇంట్లో తయారుచేసుకునే స్కానర్‌ను కాలక్షేపపు పనిగా కాక, సంరక్షణ సాధనంగానే చూడాలని నా వాదన.

దాని పని తీరు సూటిగా ఉంటుంది. రీలు నుంచి ఫిల్ము మెల్లగా చిన్న గేటు మీదికి వస్తుంది. వెనక ఎల్‌ఈడీ వెలుగు. స్టెప్పర్ మోటారు ఒక ఫ్రేము మేర, అంటే సూపర్ 8లో దాదాపు 4.23 మిల్లీమీటర్లు, జరిపి ఆగుతుంది. కెమెరా ఫొటో తీస్తుంది, మోటారు మళ్లీ కదులుతుంది. 50 అడుగుల రీలులో 3,600 ఫ్రేములు. ఫ్రేముకు రెండు సెకన్లు పట్టినా రెండు గంటల్లో పూర్తవుతుంది. 2020లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కోసం వచ్చిన హెచ్‌క్యూ కెమెరాకు 12.3 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఉంది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పైనా లేని బొమ్మకు, లెన్సు మంచిదైతే, అది చాలు. మాథ్యూ ఎప్లర్ మొదలుపెట్టిన ‘కినోగ్రాఫ్’ లాంటి స్కానర్ల డిజైన్లు ఎవరైనా వాడుకునేలా బయటే ఉన్నాయి.

చేతగాని యంత్రం ఉన్న రీలును చింపేస్తే? ఈ భయం న్యాయమైనదే. కానీ పాత ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది. ప్రొజెక్టర్ కొక్కెం ఫిల్ము అంచు చిల్లుల్లో సరిగా పడక చింపేది అందుకే. ఇంటి స్కానర్‌లో కొక్కెమే అక్కర్లేదు. రబ్బరు రోలరుతో లాగి, చిల్లు ఎక్కడుందో కెమెరాతోనే కనిపెట్టవచ్చు. బల్బు వేడీ ఉండదు. ముందు పనికిరాని ఫిల్ముతో పరీక్షించడం మాత్రం తప్పనిసరి. ప్రయోగశాల యంత్రాల నాణ్యత రాదన్న మాటా నిజమే, ముఖ్యంగా కొడాక్రోమ్ రంగుల ఫిల్ము చిక్కటి నీడల్లో. ఒక్కో ఫ్రేమును రెండుమూడు ఎక్స్‌పోజర్లతో తీసి కలిపితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. పెళుసెక్కి విరిగిపోతున్న రీలును మాత్రం ఇంట్లో ముట్టుకోకూడదు. అది నిపుణుల పనే.

ఇంట్లో రీలు ఉంటే డబ్బా మూత తీసి వాసన చూడండి. వెనిగర్‌లా పుల్లగా ఉంటే మిగతావాటికి దూరంగా, చల్లని పొడిచోట పెట్టి, ముందు దాన్నే స్కాన్ చేయించండి. ఫైళ్లను రెండు మూడు చోట్ల దాచండి. హార్డ్ డిస్కులూ పోతాయి. పని అయింది కదా అని రీలును పారేయకండి. ఇంతకన్నా మంచి స్కానర్ వచ్చిననాడు మళ్లీ ఎక్కించాల్సింది దాన్నే.