రాజ్యాంగ నిర్మాతకు దేశద్రోహి ముద్ర

అర్జెంటీనాలో ఏటా ఆగస్టు 29న న్యాయవాదుల దినోత్సవం జరుపుతారు. అది 1810లో టుకుమాన్‌లో జన్మించిన హువాన్ బవుతిస్తా ఆల్బెర్ది పుట్టినరోజు. నేడు రాజ్యాంగ పితామహుడిగా కీర్తిస్తున్న ఆ న్యాయవాదినే ఒకనాడు అక్కడి అధికారపక్షం దేశద్రోహి అని నిందించింది.

నియంత రోసాస్ ఏలుబడిలో, 1838లో, ఆల్బెర్ది ప్రవాసం వెళ్లారు. మాంటెవీడియోలోనూ, తర్వాత చిలీలోని వాల్పరైసోలోనూ న్యాయవాదిగా జీవించారు. 1852 ఫిబ్రవరిలో రోసాస్ పతనమైన కొద్ది నెలలకే, కొత్త రాజ్యాంగానికి పునాదులు ఏవో వివరిస్తూ గ్రంథం వెలువరించారు. 1853 రాజ్యాంగానికి అది ప్రధాన ఆధారమైంది.

1865లో పరాగ్వే సేనలు కొరియెంతెస్‌లోకి చొరబడ్డాయి. అధ్యక్షుడు మిత్రే బ్రెజిల్, ఉరుగ్వేలతో కూటమి కట్టి యుద్ధానికి దిగారు. అప్పటికి ఐరోపాలో ఉన్న ఆల్బెర్ది, ఇది బ్రెజిల్ సామ్రాజ్యానికి, బ్యూనస్ ఎయిరిస్ ఆధిపత్యానికి మేలు చేసే యుద్ధమని రాశారు. దురాక్రమణకు గురైన దేశంలో ఈ మాట రుచించకపోవడం సహజమే. కానీ వాదనకు వాదనతో కాక నిందతో బదులివ్వడం పాలకుల బలహీనత. 1870లో యుద్ధం ముగిసేసరికి పరాగ్వే తన వయోజన పురుషుల్లో అత్యధికులను కోల్పోయింది.

ఆ ఏడాదే ఆయన యుద్ధాన్ని నేరంగా విచారించే రచన చేపట్టారు. అది అసంపూర్ణంగా మిగిలి, మరణానంతరం అచ్చయింది. అందులోని తర్కం న్యాయస్థానంలో పుట్టినది: తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తి కావడం ఏ పౌరుడికీ చెల్లదు, రాజ్యానికి మాత్రం ఎలా చెల్లుతుంది? యుద్ధం ప్రకటించిన పాలకుడు వ్యక్తిగా బాధ్యత వహించవద్దా?

ఆయన చూపుకూ హద్దులున్నాయి. ఐరోపా వలసలతోనే దేశం ఎదుగుతుందని నమ్మిన ఆయన ప్రణాళికలో ఆదివాసులకు చోటు దక్కలేదు. ఐరోపా వలసలను ప్రోత్సహించాలనే 25వ అధికరణం నేటికీ ఆ రాజ్యాంగంలో ఉంది. అందరి హక్కులూ ఆయనకు కనిపించలేదు. అధికారపు నేరం మాత్రం స్పష్టంగా కనిపించింది.

1879లో టుకుమాన్ ప్రతినిధిగా స్వదేశం చేరిన ఆల్బెర్ది, రెండేళ్లకే మళ్లీ వెళ్లిపోయారు. 1884లో పారిస్ శివార్లలోని నెయీలో కన్నుమూశారు. అసమ్మతివాదికి మరణించాక ఉత్సవం జరపడం ఏ రాజ్యానికైనా సులభమే. బతికుండగా అతని ప్రశ్నకు బదులివ్వడమే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష.