అంపశయ్య చదివితే విశ్వాసం పోతుందా?



ఈ మధ్య యౌవనస్థుల కూడికల్లో ఒక బోధ తరచుగా వినిపిస్తోంది. యూనివర్సిటీకి పోయిన పిల్లలు నవలలు చదివి చెడిపోతున్నారట. సందేహం సాతాను వేసే విత్తనమట, ప్రశ్న అడిగితే మందలించి ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టాలట. చదవకూడని పుస్తకాల్లో ‘అంపశయ్య’ను కూడా చేర్చారు ఒక పెద్దాయన. పేరులోనే భారతం ఉంది కాబట్టి మనకు తగదన్నారు. మీరు చదివారా అయ్యగారూ అంటే, చదవాల్సిన పని లేదన్నారు.

నేను చదివాను. ఈ బోధ తప్పని గట్టిగా చెబుతున్నాను.

1969లో వచ్చిన నవల అది. రాసిన నవీన్ గారు వరంగల్ వైపు వావిలాల ఊరి మనిషి, ఉస్మానియాలో చదువుకున్నవారు. కథంతా ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థికి గడిచిన ఒక్క రోజు. పల్లె నుంచి వచ్చిన బీద ఇంటి కుర్రాడు. డబ్బు దిగులు, చదువు దిగులు, ఆడపిల్లల ఊహలు, సిగ్గు, భయం, అన్నీ తలలో ఎలా తిరుగుతాయో అలాగే రాశారు. కొన్ని పేజీలు మన ఇళ్లలో బయటికి చదవలేం, నిజమే. అయితే ఆదికాండములో కూడా బయటికి చదవలేని అధ్యాయాలున్నాయి.

ఇక ఆ పేరు సంగతి. భీష్ముడు బాణాల మీద పడుకున్నప్పుడు తల వేలాడితే అర్జునుడు బాణాలతోనే దిండు పెట్టాడు. దాహమంటే భూమిలోకి బాణం వేసి నీళ్లు తెచ్చాడు. ధర్మరాజు పక్కన కూర్చుని ధర్మసందేహాలు అడిగాడు. ఎప్పుడు చనిపోవాలో కూడా భీష్ముడి ఇష్టమే. మరి రవికి? ఆ బాణాలు అతను కోరుకున్నవి కావు, ఒంట్లో దిగినట్టు పక్కవాడికి కనబడవు కూడా. చుట్టూ వందలమంది ఉన్న హాస్టల్లో వాడి లోపలి మాట వాడికే వినబడుతుంది. ఆ గుర్తులోని బరువంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

బాణాల గుర్తు పరాయిదని భయపడేవారు యోబు 6వ అధ్యాయం తెరవండి. సర్వశక్తుని బాణాలే తనలో దిగాయని యోబు మొరపెట్టాడు. 38వ కీర్తనలో దావీదు కూడా అదే అన్నాడు. ఆ మాటలు రాసినందుకు వారిని ఎవరూ బైబిలులోంచి తీసేయలేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత నోరు తెరిచి సిద్ధాంతం మొదలుపెట్టారు. చివరికి దేవుని కోపం వారి మీద రగిలింది.

బాప్తిస్మమిచ్చు యోహాను సంగతి ఇంకా సూటిగా ఉంది. యేసును గొర్రెపిల్ల అని చూపించినవాడే చెరసాలలో పడ్డాక, రావలసినవాడివి నువ్వేనా అని మనుషులను పంపి అడిగించాడు. ప్రభువు అతన్ని మందలించాడా? గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, వెళ్లి చెప్పండన్నాడు. వాళ్లు వెళ్లాక జనం ముందు యోహానును గొప్పగా మాట్లాడాడు. సందేహించినవాడిని వెనకాల పొగిడిన సంఘపెద్దను నాకొకరిని చూపించండి!

మన మండలాల నుంచి వెళ్లిన పిల్లలు తార్నాకలో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటున్నారు. మధ్యాహ్నం ఒక్క పూట తిని గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లున్నారు. నోటిఫికేషన్ రాదు, వయసు ఆగదు. దేవుడు వింటున్నాడా అని ఆ గదిలో ఒకడికి అనిపిస్తే, అది నవల నేర్పిన పాఠం కాదు. నవల చదివినవాడికి కనీసం తనలాంటివాడు ఇంకొకడున్నాడని తెలుస్తుంది. మనం ఫోన్ చేసి ఏమడుగుతున్నాం? చర్చికి వెళ్లావా, దశమభాగం తీశావా. తిన్నావా బిడ్డా అని ఎందరం అడుగుతున్నాం?

ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబుందని నేననడం లేదు. సెమినరీలో డిప్లొమా ఇచ్చారు గాని అది ఇవ్వలేదు. పండుగ సెలవులకు పిల్లలు ఊరికి వస్తారు. ఈసారి యౌవనస్థుల కూడికలో ప్రసంగం ఉండదు. అడగాలనుకున్నది వాళ్లే అడుగుతారు, పెద్దలు చాప మీద కూర్చుని వింటారు. భోజనాలు మందిరంలోనే, తల్లులారా, అన్నం కాస్త ఎక్కువే వండండి. తార్నాక గదుల్లో ఉండే ఇతర ఊళ్ల స్నేహితులను కూడా వెంటబెట్టుకు రమ్మని మన పిల్లలకు చెప్పాను.