కళాశాల తరగతులు: సంఖ్యయా, బోధనయా?

కాలువ తలుపులెత్తి నీరు వదలిన మాత్రమున శివారు చేను తడిసినదని కృష్ణా డెల్టా రైతెవ్వడును నమ్మడు. ఆ నీరు కాలువనుండి బోదెకు, బోదెనుండి మడికి చేరి, వరి మొదలు తడిసినప్పుడే దానిని పారుదల యనవలయును. దివిసీమ రైతున కీ సత్యమును మరియొకరు బోధింపనక్కరలేదు. శివారున నుండుట యననేమో యాతడు తరతరములుగా నెరుగును. అయినను ఆ రైతే తన బిడ్డను కళాశాలకు బంపినప్పుడు మాత్రము, ఉపన్యాసము జరిగినది గావున విద్య వచ్చినదని నమ్ముచున్నాడు. ఈ నమ్మిక యెంతవరకు సబబో విచారించుట నేటి మా యుద్దేశము.

విద్యావిషయమున బందరుకు గల పేరు నేటిది కాదు. 1843వ సంవత్సరమున రాబర్టు నోబులు ఈ పట్టణమున స్థాపించిన పాఠశాలయే కాలక్రమమున నోబులు కళాశాల యయ్యెను. రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు అందు అధ్యాపకులై యుండిరి. ముట్నూరి కృష్ణారావుగారును, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును అందు విద్యార్థులై యుండిరి. నాయుడుగారి ప్రభావము శిష్యుల జీవితములపై నంతగా నిలిచినదనిన, అది పాఠ్యగ్రంథముల మహిమ కాదు. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని నెరిగి బోధించిన ఫలము. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఈ మిత్రులతో గూడి నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల మరియొక యడుగు ముందునకు వేసెను. పుస్తకవిద్యతో పాటు చేతిపనులకును, చిత్రకళకును అందు స్థానము లభించెను. ప్రమోదకుమార చటర్జీగారు అచట చిత్రకళ నేర్పిరి. అడవి బాపిరాజుగారు వారి శిష్యులు. చిత్రకళ ఉపన్యాసముచే వచ్చునది కాదు. శిష్యుడు గీత గీయవలయును. గురువు చూచి దిద్దవలయును. శిష్యుడు మరల గీయవలయును. బందరుకు చేరువనున్న కూచిపూడిలో అడుగు నేర్చు బాలునకును ఇదియే త్రోవ. చరిత్రకును, గణితమునకును, రసాయనశాస్త్రమునకును మాత్రము ఈ త్రోవ యక్కరలేదని మన మెప్పుడు నిశ్చయించితిమి?

నేడు విద్య విస్తరించినది. గుడివాడలో 1950లో కళాశాల యేర్పడినది. సినీనటులు అక్కినేని నాగేశ్వరరావుగారి విరాళమునకు గుర్తుగా అది వారి పేర నున్నది. 2008లో బందరుననే కృష్ణా విశ్వవిద్యాలయము స్థాపితమైనది. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతముల బిడ్డలు పట్టము కొరకు దూరదేశములకు పోవలసిన పని తగ్గినది. కౌలురైతు కుమార్తెయు, మత్స్యకారుని కుమారుడును నేడు కళాశాల బల్లపై కూర్చుండగలుగుచున్నారు. ఇది సామాన్యమైన లాభము కాదు. కావున తరగతులలో జనము పెరిగినదని వగచువారితో మేము చేరము. పదిమందికి చక్కగా చెప్పి తొంబదిమందిని గడప వెలుపల నుంచిన కాలము మరల రావలదు. తలుపు తెరచియే యుండవలయును. ఆ తలుపు దాటి వచ్చిన వారికి లోపల నేమి దొరకుచున్నదన్నదే ప్రశ్న.

ఇందు రెండు సంగతులను వేరుచేసి చూడవలయును. తరగతిలో నెందరున్నారనునది యొకటి. ఆ గంట యెట్లు గడచుచున్నదనునది రెండవది. నూరుమంది కూర్చున్న గదిలో ఏబది నిమిషముల కాలమును సమముగా పంచినను ఒక్కొక్కరికి అరనిమిషము వచ్చును. అందు హాజరు పిలుచుటకే కొంత పోవును. అట్టిచోట విద్యార్థి ప్రశ్న యడుగుట మానును. ఉపాధ్యాయుడు ప్రశ్నకై యెదురుచూచుట మానును. చెప్పినది వ్రాసికొనుట, వ్రాసినది వల్లించుట, వల్లించినది పరీక్షలో దింపుట. ఇంతటితో చదువు ముగియును. ముందు బల్లలవారికి నీరందును. వెనుక బల్లలవారు శివారు ఆయకట్టు. పల్లెటూరి బడిలో తెలుగున చదివి, ఇంగ్లీషు పాఠమునకు బెదరి, నోరు మెదపక కూర్చున్న పిల్ల తరచుగా ఆ వెనుక బల్లపైననే యుండును. ఆమెకు తెలియలేదను సంగతి పరీక్షాఫలితములు వచ్చువరకు ఎవ్వరికిని తెలియదు.

ఇది మా యూహ మాత్రమే కాదు. విజ్ఞాన, గణిత, ఇంజనీరింగు తరగతులను గూర్చి జరిగిన 225 పరిశోధనలను అమెరికాలో స్కాట్ ఫ్రీమన్ మున్నగువారు ఒకచో చేర్చి పరిశీలించి 2014లో ఫలితములను ప్రకటించిరి. ఉపన్యాసము వినుటయే పద్ధతిగా గల తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పిరి. తరగతిలోనే ప్రశ్నల కాలోచించి జవాబు చెప్పుచు, లెక్కలు చేయుచు, తోడివారితో చర్చించుచు నేర్చిన తరగతులలో తప్పినవారు నూటికి సుమారు 22 మంది. ఈ మేలు పెద్ద తరగతులలోను కనబడెను. ఏబదిమందికి మించని తరగతులలో మరింత హెచ్చుగా కనబడెను. కెనడాలోని బ్రిటిషు కొలంబియా విశ్వవిద్యాలయమున జరిగిన వేరొక పరీక్ష 2011లో ప్రకటితమయ్యెను. ఇంచుమించు 270 మంది చొప్పున గల రెండు భౌతికశాస్త్ర తరగతులలో, ఒక వారముపాటు, ఒకదానికి అనుభవశాలియైన ఆచార్యుడు ఉపన్యాసములిచ్చెను. రెండవదానికి, అనుభవము తక్కువైనను ఈ పద్ధతిలో తరిఫీదు పొందినవారు, ప్రశ్నలతోను చర్చలతోను పాఠము నడపిరి. పిమ్మట పెట్టిన పరీక్షలో మొదటివారి సగటు నూటికి 41. రెండవవారి సగటు 74. ఇరుగదులలోను సంఖ్య యొక్కటియే. పద్ధతి మాత్రము వేరు.

దీనివలన తేలిన నీతులు రెండు. తరగతి పెద్దదని చేతులు ముడుచుకొని కూర్చుండుటకు ఉపాధ్యాయునకు వీలులేదు. తరగతి చిన్నదని సంతోషించుటకు యాజమాన్యమునకును వీలులేదు. నేడు భాషలకును, చరిత్రకును పదిహేనుమందియైనను లేని తరగతులు కలవు. ఆ పదిహేనుమందికిని నోట్సు చదివి వ్రాయించుచుండినచో, వందమంది గదికిని ఆ గదికిని భేదమేమి? బోదె చిన్నదైనంత మాత్రమున మడికి నీరు పారదు. గండి కొట్టి మళ్లింపవలయును.

విద్యార్థులకును ఒక మాట చెప్పవలసియున్నది. హార్వర్డు విశ్వవిద్యాలయమున జరిగి 2019లో ప్రకటింపబడిన పరిశోధనలో, ధారాళమైన ఉపన్యాసము వినినవారు తాము హెచ్చుగా నేర్చితిమని తలంచిరి. స్వయముగా కష్టపడి సమస్యలను సాధించినవారు తక్కువ నేర్చితిమని తలంచిరి. పరీక్షలో చూడగా, హెచ్చు నేర్చినవారు రెండవవారే. వినుట సుఖము, చేయుట కష్టము. సుఖముగా నున్నదే విద్య యని భ్రమింపరాదు.

ఇందుకు ఖర్చెవరు భరింతురని యాజమాన్యము లడుగును. ఉపాధ్యాయుల ఖాళీలు నిండలేదనియు, సెమిస్టరు దినములు చాలవనియు ఉపాధ్యాయులు చెప్పుదురు. ఈ యాక్షేపణలలో సత్యము లేకపోలేదు. కాని యిది నేడు పుట్టిన సమస్య కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 మొదలు 1936 వరకు వైస్‌ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారి యధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, అనుబంధ కళాశాలలో 1,500 మందికి మించి విద్యార్థులుండరాదనియు, ఉపన్యాసమునకు తోడుగా చిన్నజట్ల బోధనయు, గ్రంథాలయపు పనియు, వ్రాతపనియు నుండవలయుననియు చెప్పెను. ఏడు దశాబ్దములు దాటినను చిన్నజట్ల బోధన మన కాలపట్టికలలో పేరుకు మాత్రమే మిగిలియున్నది. ఖర్చు లేక కాదు, అడుగువారు లేక.

ఈ యుపేక్షవలన కలుగు నష్టము కళాశాలతో ముగియదు. దివిసీమలోని అవనిగడ్డ డీయస్సీ శిక్షణకు రాష్ట్రమంతట ప్రసిద్ధి కెక్కినది. రేపు పల్లెబడులలో పాఠము చెప్పవలసిన వారు వేరువేరు జిల్లాలనుండి అచటికి వచ్చి, క్రిక్కిరిసిన హాళ్లలో కూర్చుండి చదువుచున్నారు. ఉద్యోగపరీక్షకు అట్టి శిక్షణ యుపయోగపడవచ్చును. పేదయింటి బిడ్డలు దానివలన జీవనోపాధి పొందుచున్నందుకు మాకు సంతోషమే. కాని బడిలోను, కళాశాలలోను, శిక్షణాలయములోను వినుటయే తప్ప పలుకుట యెరుగని యువకుడు రేపు ఉపాధ్యాయుడైనప్పుడు వేరొక విధముగా నెట్లు బోధించును? తాను వినిన రీతినే తాను చెప్పును. ఒక తరము మౌనము మరుతరమునకు వారసత్వమగును.

కావున మేము కోరునవి నాలుగే. మొదటిది, ప్రతి సబ్జెక్టునందును వారమునకొక గంట ఉపన్యాసము మాని, తరగతిని చిన్న జట్లుగా విడదీసి, ప్రతి విద్యార్థియు ఒకసారియైనను నోరు విప్పునట్లు చేయవలయును. రెండవది, నెలకొక వ్రాతపనినైనను ఉపాధ్యాయుడు చదివి, తప్పులు గుర్తించి తిరిగి యీయవలయును. మార్కు వేసిన చాలదు. మూడవది, ఒక్కొక్క తరగతిలో నెందరున్నారో, ఉపాధ్యాయ స్థానములలో నెన్ని ఖాళీగా నున్నవో ప్రతి కళాశాలయు ఏటేట ప్రకటించునట్లు కృష్ణా విశ్వవిద్యాలయము నియమింపవలయును. నాలుగవది, ప్రభుత్వము ఖాళీలను నింపవలయును. ఏడాదికొకసారి మారు తాత్కాలికోపాధ్యాయుడు శిష్యుని పేరు తెలిసికొనునప్పటికే సెలవు పుచ్చుకొనవలసి వచ్చుచున్నది.

తలిదండ్రులు కళాశాల మేడను, బస్సును, ర్యాంకుల ప్రకటనలను చూచి మోసపోరాదు. "మా పిల్లవాడు వ్రాసినదానిని దిద్దువారెవరు? మా యమ్మాయి సందేహ మడిగిన వినువారెవరు?" అని ప్రిన్సిపాలుగారి నడుగవలయును. ఎకరము కౌలు సొమ్మును ఫీజుగా చెల్లించు గృహస్థునకు ఈ ప్రశ్న వేయు హక్కు కలదు. నీటితీరువ చెల్లించిన రైతు, నా చేనికి నీరేదని యడుగకుండునా? కాలువ నిండుగా పారుచున్నదను జవాబుతో ఆతడు తృప్తిపడి యింటికి పోవునా? శివారు చేను తడిసిననాడే పారుదల. వెనుక బల్ల పలికిననాడే విద్య.