ఈ రాత్రే తీగ విప్పండి

మక్క కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకు ఈ రోజుల్లో రెండు భయాలు. అడవిపందుల మంద ఒక్క రాత్రి చేన్లో దిగితే తెల్లారేసరికి అరెకరం నేలమట్టమవుతుంది. అది మొదటి భయం. ఆ పందుల కోసం పక్క చేనాయన గట్టు మీద కట్టిన కరెంటు తీగ రెండోది. మొదటి దానితో పంట పోతుంది, రెండో దానితో మనిషి పోతాడు.

అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాం. మీ చేను చుట్టూ తీగ కట్టి స్టార్టర్ డబ్బాకు కలిపి ఉంటే, ఈ మాటలు చదవడం ఆపి వెళ్లి ముందు దాన్ని విప్పండి. వ్యాసం ఎక్కడికీ పోదు.

ఈ తీగలకు బలవుతున్నది ఎవరో ఒకసారి తలుచుకోండి. పొద్దుగాల మసక చీకట్లో మోటరు పెట్టబోయిన రైతు. గట్టు మీద గడ్డి కోయబోయిన ఆడమనిషి. వాన పడ్డ రాత్రి వాగులో చేపలకు, ఎండ్రికాయలకు బయల్దేరిన పిల్లలు. మంద తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ చేన్ల మీద పడి వచ్చిన గొర్ల కాపరి. అన్నిటికంటే ఘోరం, రాత్రి తాను కట్టిన తీగను తానే మరిచిపోయి తొక్కిన యజమాని. వీళ్లలో ఎవరూ దొంగలు కారు, ఎవరూ వేటగాళ్లు కారు. ఏటా వానాకాలంలోనూ యాసంగిలోనూ జిల్లా పేజీల్లో ఇదే వార్త ఊరి పేరు మార్చుకుని వస్తోంది. చదివి అయ్యో అనుకుంటున్నాం, పేజీ తిప్పుతున్నాం.

తుపాకులు పట్టి అడవిలో తిరిగే శిక్షణ పొందిన వాళ్లను కూడా ఈ తీగ వదల్లేదు. 2024లో భూపాలపల్లి జిల్లా కాటారం ప్రాంతపు అడవిలో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలే ప్రాణం కోల్పోయాడు. చీకట్లో జాగ్రత్తగా అడుగు వేయడమే వృత్తిగా నేర్చుకున్న మనిషికి కనిపించని తీగ, చెంబు పట్టుకుని చేనుకు పోయే మనిషికి కనిపిస్తుందా?

'ఫ్యూజు ఉంది కదా, ఎవరైనా తగిలితే కొట్టేస్తుంది' అనే ధీమా ఊళ్లలో ఉంది. ఇది పచ్చి అబద్ధం. మనిషి గుండె లయ తప్పడానికి ఒక ఆంపియరులో పదో వంతు చాలు. 5 హార్స్‌పవర్ మోటరుకు వేసిన ఫ్యూజు కాలాలంటే దానికి వంద రెట్లకు పైగా కరెంటు పారాలి. అంటే మనిషి తీగ మీద పడి ప్రాణం పోయినా ఫ్యూజుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వాన పడి నేల తడిసి, కాళ్లకు చెప్పులు లేకపోతే చావు ఇంకా సులువు. ఇంట్లో వాడే లీకేజీ బ్రేకర్ లాంటివి పొలం స్టార్టర్లకు ఉండవు. తీగకూ చావుకూ నడుమ అడ్డుపడే వస్తువంటూ ఏదీ లేదు.

ఇంకో సంగతి. ఒకప్పుడు పొలానికి కరెంటు వంతులవారీగా వచ్చేది, రాని గంటల్లో తీగ చచ్చి పడి ఉండేది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. రైతుకు అది మేలే. కానీ అదే కరెంటుతో తీగ తెల్లవార్లూ ప్రాణంతో ఉంటుంది. సరఫరా పోయిందని నమ్మి తీగ దాటుతుంటే, దాటే క్షణంలోనే తిరిగి రావచ్చు. 'కరెంటు లేదు' అన్న మాటను నమ్మి ఎవరూ గట్టు మీద అడుగు వేయొద్దు.

ఎవరైనా తగిలి పడి ఉంటే ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ నేర్పండి. చేత్తో లాగబోవద్దు. భర్త పడితే భార్య, కొడుకు పడితే తండ్రి ఉరికి పట్టుకోవడం వల్లే ఒక చావు రెండవుతోంది. ముందు స్టార్టర్ దగ్గర మెయిన్ ఆపండి. అది ఎక్కడుందో తెలియకపోతే లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా తీయించండి. తప్పనిసరైతే పొడి నేల మీద నిలబడి బాగా ఎండిన కర్రతో తీగను పక్కకు నెట్టండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నడుమ రెండు అరచేతులతో బలంగా, వేగంగా నొక్కుతూనే 108కి ఫోన్ చేయించండి. కరెంటు తగిలి ఆగిన గుండె అలా తిరిగి కొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. 'పోయాడు' అని మనమే తీర్మానించి కూర్చోవద్దు.

ఇప్పుడు చట్టం మాట. వేటకు లైసెన్సు తీసుకుంటే సరిపోదా అని అడిగే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు అలాంటిది ఉండేది. నిజాం కాలంలో వేట దొరల వినోదం. మెదక్ వైపు పోచారం అడవి, హైదరాబాద్ శివారు హరిణ వనస్థలి ఒకనాటి నిజాం వేటస్థలాలే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కూడా వేట పూర్తిగా ఆగలేదు. పెద్ద జంతువులకు, చిన్న జంతువులకు, ప్రత్యేక జంతువులకు వేర్వేరు లైసెన్సులు, పట్టి బంధించడానికి మరొకటి ఆ చట్టంలోనే ఉండేవి. 1991లో చేసిన సవరణ వాటన్నిటినీ ఎత్తేసింది. ఆ తర్వాత ఈ దేశంలో రుసుము కట్టి వేటాడే హక్కు ఎవరికీ లేదు. మిగిలిన దారి ఒక్కటే. జంతువు మనిషి ప్రాణానికో పంటకో ప్రమాదమైతే, చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారం ఉన్న అటవీ అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి, గుర్తింపు పొందిన షూటరు వచ్చి కాల్చాలి. అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది కాబట్టి దానికి ఈ దారి తెరిచే ఉంది. చచ్చిన పంది మాత్రం ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడానికి, దావతుకు తేవడానికి వీల్లేదు.

ఈ దారి తప్పి తీగ కట్టినవాడికి ఏమవుతుంది? 2022 సవరణ తర్వాత మామూలు వన్యప్రాణి నేరానికే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పంది కోసం పెట్టిన తీగకు చిరుతో, ఎలుగుబంటో, నెమలో పడితే అవి మొదటి షెడ్యూల్లోవి. మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. స్టార్టర్ నుంచి తీగకు కరెంటు లాగడం 2003 విద్యుత్ చట్టం కింద వేరే కేసు. మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడే అవకాశం ఉంది. 'నేను పంది కోసం పెట్టిన' అన్న మాట కోర్టులో కాపాడదు. ప్రాణం పోతుందని తెలిసే పెట్టావు కదా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ తర్వాత ఒక వాడలో రెండు ఇళ్లు ఆరిపోతాయి. ఒక ఇంటి మగమనిషి శ్మశానానికి, మరో ఇంటి మగమనిషి జైలుకు. పిల్లలు మాత్రం ఒకే బడికి పోవాలి.

రైతు కోపంలో న్యాయం లేదని మేం అనడం లేదు. 'పందిని చంపితే కేసు, పంట పోతే కాసు లేదు' అన్న బాధ రాయికల్, సారంగాపూర్, బీర్‌పూర్, కొడిమ్యాల వైపు పోయినా, రుద్రంగి, చందుర్తి, కోనరావుపేట వైపు పోయినా వినిపిస్తుంది. చేను అడవి అంచున, చేతిలో రెండెకరాలు, నెత్తిన అప్పు. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టి అరిచి, తెల్లారి పనికి పోయే మనిషికి ఓపిక ఎంతకాలం ఉంటుంది? ఆ మనిషికి నీతులు చెప్పడం తేలిక.

అయితే రెండు నిజాలు ఒప్పుకోవాలి. ప్రతి తీగా పంట కోసం కట్టింది కాదు. కొన్ని మాంసం కోసమే. పంట కోసిన చేన్ల పక్కన, అడవి బాటల్లో, నీటి మడుగుల దగ్గర కట్టే తీగలకు, పెట్టే నాటు బాంబులకు ఏ పంట సాకు ఉంది? కిలోల లెక్కన కొనేవాడు ఉన్నాడు కాబట్టే వేసేవాడు ఉన్నాడు. కొనేవాడికీ ఆ నేరంలో వాటా ఉంది. రెండో నిజం, తీగ పందుల్ని తగ్గించదు. పందిని సహజంగా అదుపులో పెట్టేది చిరుత, పులి. 2019లో మంచిర్యాల జిల్లాలో వేటగాళ్ల కరెంటు తీగకు పులి బలైంది. వేటాడే జంతువు పోతే మిగిలేది ఒక్క ఈతలోనే గంపెడు పిల్లల్ని పెట్టే పంది. తీగ కట్టిన ఊరే తన పందుల మందను తానే పెంచుకుంటోంది.

మరి పంటకు ఏది కాపలా? దారులు ఉన్నాయి. మక్క చేను చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం, పల్లి చేను చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే పంది వాసన పట్టలేక, ముళ్లకు జంకి వెనక్కి పోతుందని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటల్ని పాడుచేసే జంతువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. జగిత్యాల పక్కనే పొలాసలో ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. విత్తనం వేయకముందే పోయి అడగండి. ముళ్ల కంచె చుట్టలు, లోతైన కందకం కూడా పనిచేస్తాయి.

అన్నిటికంటే నమ్మకమైనది సోలార్ కంచె. దాని పెట్టె సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేంత కూడా లేని క్షణం పాటు దెబ్బ కొట్టి ఆగిపోతుంది. పంది ఉలిక్కిపడి పారిపోతుంది, మనిషి ఎగిరిపడతాడు గానీ బతుకుతాడు. కానీ ఒక హెచ్చరిక. ఆ పెట్టె పక్కన పెట్టి సోలార్ కంచెకే నేరుగా స్టార్టర్ కరెంటు కలిపితే అది సోలార్ కంచె కాదు, ఉరితాడు. బ్యాటరీ పాడైతే బాగు చేయించండి, లైను మాత్రం కలపొద్దు.

రెండెకరాల రైతు ఒక్కడే ఈ కంచె కొనలేడు. డబ్బు ప్రశ్న ఇక్కడే వస్తుంది. అమెరికాలో వేటగాళ్లు లైసెన్సు రుసుము కడతారు. 1937లో తెచ్చిన చట్టంతో తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. లైసెన్సు సొమ్మును వేరే పనికి మళ్లిస్తే ఆ వాటా ఆగిపోతుంది. ఆ వేట మనకొద్దు, ఆ లెక్క మాత్రం కావాలి. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్న లెక్క.

మన దగ్గర డబ్బు లేదా? అడవి భూముల్ని ప్రాజెక్టులకు ఇచ్చినందుకు పరిహారంగా జమైన కాంపా నిధి నుంచి 2019 ఆగస్టులో కేంద్రం తెలంగాణకు రూ.3,110 కోట్లు బదిలీ చేసింది. 2021లో ప్రకటించిన హరితనిధికి భూమి రిజిస్ట్రేషన్ల మీద రూ.50, వ్యాపార లైసెన్సుల మీద, ఉద్యోగుల జీతాల మీద, విద్యార్థుల ఫీజుల మీద వాటా పెట్టారు. అంటే వేట లైసెన్సు లేకపోయినా, పొలం కొన్న రైతు అడవి పేరుతో రుసుము కట్టినట్టే. ఆ సొమ్ము మొక్కలు నాటడానికే సరిపోతుందంటే ఒప్పుకోలేం. అడవిని పెంచమన్నవాళ్లు అడవి అంచున ఉన్న చేనును కూడా కాయాలి. అడవి అంచు ఊళ్లకు ఉమ్మడిగా సోలార్ కంచెలు, నెలలోపు చేతికందే పంట పరిహారం, పిలిస్తే వారంలో వచ్చే షూటరు. ఈ మూడూ లేకుండా కేసులు మాత్రమే పెడితే, తీగ ఒక చేను నుంచి మరో చేనుకు మారుతుంది గానీ పోదు.

కరెంటు శాఖ బాధ్యత కూడా చిన్నది కాదు. జగిత్యాల, కోరుట్ల ఉత్తర డిస్కం కింద ఉన్నాయి. సిరిసిల్లలో 1970లో పుట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, మన 'సెస్', పంపిణీ చేస్తోంది. అందులో వినియోగదారుడే సభ్యుడు. మరి తమ కరెంటుతో తమ సభ్యుడే చస్తుంటే సంఘం ఊరుకోవచ్చా? పంట చేతికొచ్చే రెండు నెలలు రాత్రిపూట స్టార్టర్ డబ్బాల తనిఖీ పెట్టండి. మొదటిసారి దొరికితే విప్పించి రాయించుకోండి, రెండోసారి సర్వీసు కోయండి.

పంచాయతీలు ఈ వారమే డప్పు వేయించాలి. తీగ కట్టినవాడు ఎవరో ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. అన్నదమ్ముడని, పాలివాడని, పక్క చేనాయనని మొహమాటపడి నోరు మూసుకుంటున్నాం. ఆ మొహమాటం రేపు అతని ఇంటి ముందు శవంగా పడితే అప్పుడు ఏ మాటా పనికిరాదు. ఇవాళ పోయి 'బావా, ఆ తీగ తీసెయ్' అనండి. వినకపోతే లైన్‌మన్‌కు చెప్పండి. అది చాడీ కాదు.

పొద్దు గూకుతోంది. స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడి ఆ తీగ కొస పట్టుకున్నవాడికి ఒక్క మాట. రేపు తెల్లవారుజామున నీ చేనుకు మొదట ఎవరు వస్తారో నీకు తెలియదు. నువ్వు లేవకముందే నీళ్లు కట్టబోయేది నీ కొడుకే కావచ్చు. తీగ చుట్టి ఇంటికి తీసుకుపో.